మనుషులు మారే కంప్యూటరులో గోప్యత

ఫోను ప్రతి చేతికీ వచ్చాక కూడా విశాఖపట్నంలో కొన్ని పనులు డెస్క్‌టాప్ కంప్యూటరు దగ్గరే తెములుతున్నాయి. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల సందుల్లో, మద్దిలపాలెంలో, గాజువాకలో నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులు నడుస్తున్నది ఆ పనుల మీదే. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు, ఫీజు చెల్లింపు, హాల్‌టికెట్ ప్రింటు, కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్ల నమోదు, పాస్‌పోర్టు అపాయింట్‌మెంటు, ఆధార్ కాపీ వంటివి పెద్ద తెర, కీబోర్డు, ప్రింటరు ఒకేచోట ఉంటేనే సవ్యంగా సాగుతాయి. కాలేజీ ల్యాబుల్లోనూ ఇదే పరిస్థితి. ఒకే కుర్చీలో ఉదయం నుంచి రాత్రి వరకు మనుషులు మారుతూనే ఉంటారు. పుట్టినతేదీ, సంతకం, కుల ధ్రువీకరణ, బ్యాంకు ఖాతా, ఇంటి ఆదాయం వంటి వివరాలన్నీ ఒకే బ్రౌజరులో నింపి లేచి వెళ్లిపోతారు.

బ్రౌజర్లను తయారుచేసిన సంస్థలు ఆ కుర్చీని దృష్టిలో పెట్టుకోలేదు. కంప్యూటరుకు ఒక యజమాని ఉంటాడు, రేపు కూడా అతనే దాని ముందు కూర్చుంటాడు, కాబట్టి అతని పాస్‌వర్డులు, చిరునామా, చూసిన పేజీలు గుర్తుపెట్టుకుంటే అతనికే మేలు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ నాలుగింటి రూపకల్పనకూ ఈ ఊహే పునాది. సొంత కంప్యూటరు విషయంలో ఆ ఊహ తప్పు కాదు. నెట్ సెంటర్‌లో మాత్రం అదే ఊహ హానిగా మారుతుంది. గోప్యతకు సంబంధించిన మీటలు, అంటే వాడుకదారు మార్చుకోగల సెట్టింగులు, ఎక్కువ ఉండాలా, తక్కువ ఉండాలా అనే చర్చ పాతికేళ్లుగా సాగుతోంది. తక్కువ మీటలున్న బ్రౌజరు సులభమని ఒక పక్షం, ఎక్కువ మీటలున్నదే వాడుకదారును గౌరవిస్తుందని మరో పక్షం వాదిస్తాయి. మీటల సంఖ్య కన్నా ముఖ్యమైన విషయం వేరే ఉంది. మీటను ముట్టుకోని మనిషికి ఏం జరుగుతుంది, ఆ నిర్ణయం ఎవరి మేలు కోరి తీసుకున్నారు అన్నదే అసలు కొలమానం. ఇరవై నిమిషాల పని మీద వచ్చినవారు సెట్టింగుల పేజీ తెరవరు. తెరవాలని వారిని ఆశించడమూ న్యాయం కాదు.

మీటలు ఇచ్చిన రోజుల్లో

వెబ్‌సైటు మన బ్రౌజరులో దాచి ఉంచే చిన్న గుర్తును కుకీ అంటారు. అది పుట్టింది 1994లో. నెట్‌స్కేప్ సంస్థలో పనిచేసిన లూ మాంటుల్లి దాన్ని రూపొందించారు. పేజీ మారితే వచ్చింది ఎవరో వెబ్‌సైటుకు తెలియని రోజుల్లో, అప్పుడే వచ్చిన మనిషే మళ్లీ వచ్చాడని గుర్తుపట్టడానికి అది పనికొచ్చింది. సింహాచలం కొండ మీద చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదది. ఆ స్టాండులో చూపిస్తే మన చెప్పులు మనకు వస్తాయి, బయట దానికి విలువ లేదు. ప్రకటనల కంపెనీలు ఆ ఏర్పాటును మార్చేశాయి. వేల వెబ్‌సైట్లలో ఒకే కంపెనీ తన ప్రకటనను, కంటికి కనిపించని బొమ్మను పెట్టి, అన్నిచోట్లా ఒకే టోకెన్‌ను చదవడం మొదలుపెట్టింది. వార్తల సైటు, మందుల సైటు, ఉద్యోగాల సైటు వేర్వేరు అయినా, మూడింటికీ వచ్చిన మనిషి ఒకరేనని ఆ కంపెనీకి తెలిసిపోతుంది. థర్డ్ పార్టీ కుకీ అని పిలిచేది దీన్నే.

దీన్ని అదుపు చేయడానికి జరిగిన తొలి పెద్ద ప్రయత్నం వాడుకదారు చేతికి మీట ఇవ్వడమే. 2001లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో ఆరు మెట్ల గోప్యతా స్లైడర్ ఉండేది. కుకీలన్నీ అంగీకరించడం ఒక కొస, అన్నీ నిరాకరించడం మరో కొస. దాని వెనుక పీ3పీ అనే ప్రమాణం ఉంది. వెబ్‌సైటు తన గోప్యతా విధానాన్ని యంత్రం చదవగలిగే భాషలో ప్రకటిస్తుంది, బ్రౌజరు దాన్ని వాడుకదారు ఎంచుకున్న మెట్టుతో పోల్చి చూస్తుంది. వెబ్ ప్రమాణాలను రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ 2002లో దీన్ని ఆమోదించింది. ఊహలో చక్కని ఏర్పాటే. కానీ సైటు చెప్పింది నిజమో కాదో చూసే నాథుడు లేడు. వేల వెబ్‌సైట్లు బ్రౌజరును దాటుకోవడానికి తప్పుడు ప్రకటనలు పెట్టాయని 2010లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. వాడుకదారు స్లైడర్‌ను ఎంత పైకి జరిపినా అవతలి పక్షం మాట మీదే రక్షణ ఆధారపడింది.

ఆ పాఠం నేర్చుకోకుండానే రెండో ప్రయత్నం జరిగింది. ‘నన్ను వెంబడించవద్దు’ అని బ్రౌజరు ప్రతి వెబ్‌సైటుకూ చెప్పే డూ నాట్ ట్రాక్ సంకేతం 2011లో ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చింది. ఒక్క టిక్కు పెడితే చాలు, ఇంతకన్నా సులభమైన నియంత్రణ ఉండదు. 2012లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్ 10లో ఆ టిక్కును ముందే పెట్టి ఇచ్చేసరికి, వాడుకదారు స్వయంగా ఎంచుకోనిదాన్ని గౌరవించేది లేదని ప్రకటనల రంగం తెగేసి చెప్పింది. ఎంచుకున్నవారి మాటను కూడా అది పెద్దగా పట్టించుకోలేదు. ఆ సంకేతానికి ప్రమాణం రాస్తున్న బృందాన్ని 2019 జనవరిలో డబ్ల్యూ3సీ మూసివేసింది. అదే ఏడాది ఆపిల్ తన సఫారీ నుంచి ఆ మీటను తీసేసింది. కొద్దిమంది మాత్రమే పంపే సంకేతం కావడంతో వారిని విడిగా గుర్తుపట్టడానికి అదే పనికొస్తుందని ఆపిల్ గమనించింది. ఫైర్‌ఫాక్స్ 2025 ఫిబ్రవరిలో తొలగించింది. పద్నాలుగేళ్లపాటు లక్షలాది మంది ఆ గడిలో టిక్కు పెట్టి, తమకు రక్షణ దొరికిందని నమ్మారు. సులభంగా కనిపిస్తూ పనిచేయని మీట అసలు లేని మీట కన్నా చెడ్డది, ఎందుకంటే అది జాగ్రత్తను మాన్పిస్తుంది.

అడగకుండా చేసిన మేలు

నిజంగా పనిచేసిన మార్పులు ఎవరినీ ఏమీ అడగలేదు. సఫారీ 2003లో వచ్చినప్పటి నుంచే చాలా థర్డ్ పార్టీ కుకీలను అడ్డుకుంది, 2020 మార్చి నుంచి పూర్తిగా ఆపేసింది. మనుషులను వెంబడిస్తాయని ముందే తెలిసిన కంపెనీల (ట్రాకర్ల) కుకీలను ఫైర్‌ఫాక్స్ 2019 సెప్టెంబరులో అందరికీ డిఫాల్టుగా, అంటే ఎవరూ ఏ మీటా ముట్టుకోకపోయినా అమలయ్యేలా, నిరోధించింది. 2022 జూన్‌లో ఇంకో అడుగు ముందుకేసి, ప్రతి వెబ్‌సైటులో పుట్టిన కుకీని ఆ వెబ్‌సైటు దగ్గరే బంధించింది. ఒకే ప్రకటనల కంపెనీ పది సైట్లలో ఉంటే దానికి పది వేర్వేరు గుర్తింపులు కనిపిస్తాయి, వాటిని కలపడం దాని తరం కాదు. ఎడ్జ్‌లో మూడు స్థాయుల నిరోధం ఉంది. మధ్య స్థాయి డిఫాల్టు.

వీటిలో దేనికీ వాడుకదారు చదవాల్సిన పేరా లేదు, నొక్కాల్సిన బటన్ లేదు. అలాగని నియంత్రణ పోలేదు. ఏదైనా సైటు సరిగ్గా తెరుచుకోకపోతే అడ్రస్ బార్ పక్కన ఉన్న కవచం గుర్తు నొక్కి, ఆ ఒక్క సైటుకు సడలింపు ఇవ్వవచ్చు. అందరూ ఒకే విధంగా కోరుకునే విషయంలో బ్రౌజరు తానే నిర్ణయించి, సందర్భాన్ని బట్టి మనిషి కోరిక మారే చోట మాత్రం అడిగింది. సరళతకు ఇంతకన్నా మంచి నిర్వచనం దొరకదు. కెమెరా, మైకు, లొకేషన్ అనుమతులు అడగవలసినవి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు కెమెరా కావాలి, వంటల సైటుకు అక్కర్లేదు, ఆ తేడా బ్రౌజరుకు తెలియదు. ముప్పై కంపెనీలు వెంబడించవచ్చా అని మాత్రం అడగనక్కర్లేదు.

అడ్రస్ బార్‌లోని తాళం గుర్తు కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. తాళం కనిపిస్తే ఆ సైటు నమ్మదగినదని కంప్యూటరు తరగతుల్లో ఏళ్ల తరబడి బోధించారు. తాళం చెప్పేది సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. అవతల ఉన్నది మోసగాడు కాదని చెప్పదు. నకిలీ బ్యాంకు సైటుకూ తాళం ఉంటుంది. 2021లో గూగుల్ జరిపిన అధ్యయనంలో తాళం అసలు అర్థాన్ని సరిగ్గా చెప్పగలిగినవారు 11 శాతమే. అప్పటికే, 2018 జులై నుంచి, సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా మార్చి పంపే ఎన్‌క్రిప్షన్ లేని సైట్లన్నింటినీ క్రోమ్ సురక్షితం కాదని చూపడం మొదలుపెట్టింది. 2023లో తాళాన్నే తీసేసి, నొక్కితే ఆ సైటు అనుమతులు తెరుచుకునే గుర్తును పెట్టింది. సురక్షితంగా ఉండటం మామూలు విషయమైనప్పుడు దానికి బిరుదు అక్కర్లేదు, ప్రమాదానికి హెచ్చరిక ఉంటే చాలు. ఒక గుర్తును తీసేసి మనుషులను మరింత భద్రంగా చేసిన అరుదైన సందర్భమిది.

నోటిఫికేషన్ల విషయంలోనూ ఇలాంటి మార్పే అవసరమైంది. పరీక్ష ఫలితాల రోజున నెట్ సెంటర్‌లో ఒకే కంప్యూటరు మీద పదేసి సైట్లు తెరుస్తారు. ఫలితం ముందు చూపిస్తామని చెప్పే ప్రతి సైటూ నోటిఫికేషన్లకు అనుమతి అడుగుతుంది. తొందరలో ఉన్నవారు నొక్కిన బటన్ ఫలితంగా వారాల తరబడి ఆ కంప్యూటరు మూలన అప్పుల ప్రకటనలు, జూద ప్రకటనలు లేస్తూనే ఉంటాయి. నొక్కినవారు వెళ్లిపోయారు, బాధ పడేది తర్వాత వచ్చినవారు. ఈ అభ్యర్థనల్లో దాదాపు 99 శాతం అంగీకారం పొందడం లేదని 2019లో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ప్రకటించింది. ఆ తర్వాత 2020 జనవరి నుంచి, వాడుకదారు ఆ పేజీలో ఏదైనా నొక్కేదాకా ఫైర్‌ఫాక్స్ ఆ ప్రశ్నను తెర మీదికి రానివ్వడం లేదు.

మీటలు పెరిగితే ముఖం బయటపడుతుంది

ఎక్కువ మీటలు కోరే పక్షం గమనించని చిక్కు ఒకటుంది. కుకీ లేకుండానే బ్రౌజరును గుర్తుపట్టే పద్ధతులు ఉన్నాయి. తెర కొలత, ఫాంట్ల జాబితా, గ్రాఫిక్స్ చిప్పు గీసే తీరు, భాష, టైమ్ జోన్ వంటివన్నీ కలిపితే ఒక ముద్ర (ఫింగర్‌ప్రింట్) తయారవుతుంది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో జరిపిన పరీక్షలో 83.6 శాతం బ్రౌజర్ల ముద్ర మరెవరితోనూ కలవలేదు. వాడుకదారు మార్చే ప్రతి ప్రత్యేక సెట్టింగూ ఆ ముద్రకు మరో గీత చేర్చే అవకాశం ఉంది. గోప్యత కోసం పదిహేను మీటలు తిప్పిన మనిషి, ఏ మీటా తిప్పని గుంపులోంచి ఒంటరిగా బయటపడతాడు.

వాడేది ఎవరో తెలియకుండా దాచడానికే తయారైన టోర్ బ్రౌజరు అందుకే తన వాడుకదారులందరూ ఒకేలా కనిపించాలని పట్టుబడుతుంది. విండో కొలతను కూడా కొన్ని నిర్ణీత పరిమాణాలకే పరిమితం చేస్తుంది, భద్రతకు మూడే స్థాయులు ఇస్తుంది. బ్రేవ్ బ్రౌజరు 2024లో తన కఠిన స్థాయి ఫింగర్‌ప్రింట్ రక్షణను తొలగించింది. దాన్ని వాడేవారు అర శాతం కూడా లేరు, దానివల్ల సైట్లు చెడుతున్నాయి, పైగా దాన్ని వాడేవారే ప్రత్యేకంగా కనిపిస్తున్నారు అన్నవి దానికి చెప్పిన కారణాలు. రక్షణ పెంచాలని మీటను తీసేయడం మొదట వింతగా తోచినా, కారణం సరైనదే. గుంపులో కలిసిపోవడం గోప్యతలో ఒక భాగం, దానికి డిఫాల్టు బలంగా ఉండాలి, మీటలు తక్కువగా ఉండాలి.

ఫైర్‌ఫాక్స్ 2013లో 23వ వెర్షన్ నుంచి జావాస్క్రిప్టును (వెబ్ పేజీలను పనిచేయించే ప్రోగ్రాములను) ఆపే గడిని సెట్టింగుల పేజీలో తీసేసినప్పుడు చాలామంది నిపుణులు కోపగించుకున్నారు. ఆ గడిలో టిక్కు పొరపాటున పోతే సగం వెబ్‌సైట్లు పనిచేయవు, ఎందుకు పనిచేయడంలేదో వాడుకదారుకు అర్థం కాదు. నెట్ సెంటర్‌లో ఒకరు తీసేసిన టిక్కు వల్ల మరుసటి రోజు ఇంకొకరి దరఖాస్తు ఆగిపోతే, ఆ గడి ఎవరి స్వేచ్ఛను కాపాడినట్లు? కావాల్సినవారికి లోతైన సెట్టింగుల పేజీలో ఆ అవకాశం అలాగే ఉంచారు. ఆ నిర్ణయం సబబే.

తయారీదారు కోసం జరిగిన సులభం

అయితే, మీటలు తగ్గించడమంతా ఇలాంటి సదుద్దేశంతో జరగలేదు. 2018 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ 69లో, జీమెయిల్‌లోకి లాగిన్ అయితే చాలు, బ్రౌజరు కూడా ఆ ఖాతాతో సైన్ ఇన్ అయిపోయేది. రెండుసార్లు లాగిన్ కావాల్సిన శ్రమ తప్పిందన్నది క్రోమ్ తయారుచేసే గూగుల్ వాదన. నెట్ సెంటర్‌లో మెయిల్ చూసుకోవడానికి వచ్చిన మనిషికి మాత్రం తన పేరు బ్రౌజరు మీదే ఎక్కిందన్న సంగతి తెలియదు. విమర్శలు వెల్లువెత్తాక తర్వాతి వెర్షన్‌లో దాన్ని ఆపుకునే మీట ఇచ్చారు. డిఫాల్టు మాత్రం మారలేదు.

థర్డ్ పార్టీ కుకీల విషయంలో క్రోమ్ నడిచిన దారి ఇంతకన్నా ఎక్కువ చెబుతుంది. రెండేళ్లలో వాటిని వదిలేస్తామని గూగుల్ 2020 జనవరిలో ప్రకటించింది. గడువు పదేపదే జరిగింది. వాటికి బదులుగా, మనిషి చూసిన సైట్లను బట్టి అతని ఆసక్తులను బ్రౌజరే లెక్కగట్టి ప్రకటనదారులకు చెప్పే ఏర్పాటును 2023లో తెచ్చింది. దాని గురించి తెర మీదికి వచ్చిన నోటీసులో చాలా దేశాల్లో ఉన్నవి రెండే బటన్లు, ఒకటి అర్థమైందని, రెండోది సెట్టింగులకు వెళ్లమని. వద్దని చెప్పే బటన్ లేదు. 2024 జులైలో కుకీల తొలగింపు ఆలోచననే పక్కన పెట్టింది, 2025 ఏప్రిల్‌లో వాడుకదారును విడిగా అడిగే ఆలోచన కూడా మానుకుంది, అక్టోబరులో ఆ ప్రత్యామ్నాయ సాంకేతికతల్లో చాలావాటిని విరమించుకుంది. ఐదేళ్ల పైబడిన హడావుడి తర్వాత, డెస్క్‌టాప్‌ మీద అత్యధికులు వాడే బ్రౌజరు సాధారణ విండోలో థర్డ్ పార్టీ కుకీలు డిఫాల్టుగా ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అదే సంస్థ ఆదాయంలో సింహభాగం ప్రకటనల నుంచి వస్తుందన్న సంగతి మరచిపోయి ఈ చరిత్రను చదవలేం.

డిఫాల్టు విలువ ఎంతో ఆ సంస్థకు బాగా తెలుసు. బ్రౌజర్లలో, ఫోన్లలో తన సెర్చ్ ఇంజిన్ డిఫాల్టుగా ఉండేందుకు గూగుల్ 2021లో 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్యం కేసులో బయటపడింది. సెర్చ్ ఇంజిన్‌ను ఎవరైనా కొద్ది క్లిక్కుల్లో మార్చుకోవచ్చు. అయినా అంత డబ్బు పెట్టారంటే, ఎక్కువమంది ఆ క్లిక్కులు చేయరని వారికి తెలుసు. కావాలంటే మార్చుకునే వీలు ఇచ్చాం కదా అనే మాటను ఆ అంకెతో కలిపి వినాలి. ఫైర్‌ఫాక్స్ కూడా ఈ విషయంలో కడిగిన ముత్యం కాదు. ప్రకటనల ఫలితాన్ని కొలిచే ఒక ప్రయోగాన్ని 2024 జులైలో 128వ వెర్షన్‌లో వాడుకదారును అడగకుండా ఆన్ చేసి ఇచ్చింది. గోప్యతకు భంగం కలగని పద్ధతిలోనే కొలుస్తామన్నది నిజమే అయినా, అడగకపోవడాన్ని అది సమర్థించదు.

పక్క కుర్చీ నుంచి రక్షణ

ఇంత చర్చ నడిచింది ఎక్కడో దూరాన ఉన్న ప్రకటనల కంపెనీల గురించి. ద్వారకానగర్‌లో హాల్‌టికెట్ ప్రింటు తీసుకున్న విద్యార్థినికి దగ్గరి ప్రమాదం, ఆమె లేచాక అదే కుర్చీలో కూర్చునే మనిషి. మెయిల్ తెరిచి ఉంటే మిగతా ఖాతాల పాస్‌వర్డు మార్చుకునే లింకులు అక్కడికే వస్తాయి. చాలా సెంటర్లలో కీబోర్డు ముందు ఉండేది దరఖాస్తుదారు కూడా కాదు, ఆపరేటరు. వివరాలు చెబుతుంటే అతనే టైపు చేస్తాడు, పాస్‌వర్డూ అతనే పెడతాడు, సేవ్ చేయమంటారా అని బ్రౌజరు అడిగితే పని త్వరగా తెమలాలని అవునంటాడు. ఆ ప్రశ్న అడిగింది అతన్ని, పాస్‌వర్డు మాత్రం ఇంకొకరిది.

దీనికి మందుగా చాలామంది ఇన్‌కాగ్నిటోను, అంటే క్రోమ్‌లోని ప్రైవేటు విండోను, నమ్ముతారు. ప్రైవేటు విండో అనే ఆలోచన 2005లో సఫారీతో మొదలైంది, 2008లో క్రోమ్‌తో అందరికీ పరిచయమైంది. విండో మూశాక చరిత్ర, కుకీలు ఆ కంప్యూటరులో మిగలకుండా చూడటం వరకే దాని పని. వెబ్‌సైటు, కాలేజీ నెట్‌వర్కు, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ చూసేది చూస్తూనే ఉంటాయి. ఈ సంగతి తేటగా చెప్పలేదని 2020లో అమెరికాలో గూగుల్ మీద వేసిన దావా 2024లో రాజీతో ముగిసింది. కోట్ల కొద్దీ రికార్డులు చెరిపేయడానికి, ఆ విండో తొలి పేజీలోని వివరణను మార్చడానికి సంస్థ ఒప్పుకుంది.

నెట్ సెంటర్‌కు సంబంధించినంత వరకు ఇన్‌కాగ్నిటోలో మరో రెండు లోపాలున్నాయి. క్రోమ్‌లో తెరిచి ఉన్న ఇన్‌కాగ్నిటో విండోలన్నీ ఒకే కుకీలను పంచుకుంటాయి. ఒకటి మూసి, వెనకాల ఇంకొకటి మరచిపోతే లాగిన్ అలాగే బతికి ఉంటుంది. రెండోది, ఆ కంప్యూటరులో ముందే సేవ్ అయి ఉన్న పాస్‌వర్డులు, బుక్‌మార్కులు ఇన్‌కాగ్నిటోలోనూ అందుబాటులో ఉంటాయి. పంచుకునే కంప్యూటరుకు సరైనది గెస్ట్ విండో. అక్కడ పాతవారివేవీ కనిపించవు, కొత్తవారివి మిగలవు. ప్రొఫైల్ బొమ్మ నొక్కితే వచ్చే మెనూలో అది ఎప్పటి నుంచో ఉంది. ఇన్‌కాగ్నిటోకు వచ్చిన పేరులో పదో వంతు కూడా దానికి రాలేదు. కావలసినవారికి కనిపించని చోట ఉన్న మంచి మీట వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఈ రెండు విండోలూ శుభ్రం చేయలేనిది డౌన్‌లోడ్ ఫోల్డరు. ఫోటో, సంతకం, పుట్టినతేదీ ఉన్న హాల్‌టికెట్లు వరుసగా అందులో పేరుకుంటాయి. ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డు ఉంటుంది కదా అనుకోవచ్చు. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన సంవత్సరమే ఆ పాస్‌వర్డు. పక్కనే ఉన్న హాల్‌టికెట్‌లో ఆ రెండూ ఉంటాయి.

పాత కంప్యూటర్ల సమస్య వీటన్నింటికీ తోడు. విండోస్ 7, 8.1 మీద క్రోమ్ 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదే రోజున గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్, డేటా సెంటర్ నిర్మిస్తామని ప్రకటించింది. సర్వర్లు ఊరికి దగ్గరగా వచ్చినంత మాత్రాన ఊళ్లోవారి వివరాలకు రక్షణ పెరగదు, తగ్గదు. కంప్యూటరు నుంచి ఏం బయటికి వెళ్లాలో తేల్చేది ఇప్పటికీ బ్రౌజరులోని డిఫాల్టే.

చట్టం ఎంతవరకు వచ్చింది

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఉంది. సమ్మతి ఇవ్వడం ఎంత సులభమో వెనక్కి తీసుకోవడమూ అంతే సులభంగా ఉండాలని చట్టం చెబుతోంది. సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో, అంటే తెలుగులో కూడా, చదువుకునే వీలు ఇవ్వాలంటోంది. పద్దెనిమిదేళ్లలోపు వారిని వెంబడించడం, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపడం నిషేధం. నెట్ సెంటర్‌కు వచ్చే ఇంటర్ విద్యార్థుల్లో చాలామంది ఆ వయసువారే.

ఈ చట్టంలో బ్రౌజరు ప్రస్తావన కొరవడింది. కాలిఫోర్నియాలో, నా వివరాలు అమ్మవద్దని, పంచుకోవద్దని బ్రౌజరు పంపే గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ సంకేతాన్ని వ్యాపార సంస్థలు గౌరవించి తీరాలి. దాన్ని పట్టించుకోలేదన్న ఆరోపణల్లో సౌందర్య సాధనాలు అమ్మే సెఫోరా సంస్థ 2022లో 12 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. 2027 జనవరి నుంచి బ్రౌజర్లన్నీ ఆ మీటను తప్పనిసరిగా ఇవ్వాలని అక్కడ 2025లో చట్టం చేశారు. డూ నాట్ ట్రాక్‌కు లేనిదీ, దీనికి ఉన్నదీ చట్టం అండ ఒక్కటే. మన దగ్గర అలాంటి నియమం లేనంత కాలం, ప్రతి సైటులోనూ విడివిడిగా వద్దని చెప్పుకునే భారం తెలుగులో నోటీసు వచ్చినా మనిషి మీదే ఉంటుంది.

బ్రౌజర్లలో ఇంకా రాని ప్రశ్న ఒకటుంది. ఇన్‌స్టాల్ చేసిన మొదటి నిమిషంలో, దిగుమతులు, థీములు, సెర్చ్ ఇంజిన్ల గురించి అడిగే చోటే, ఈ కంప్యూటరు ఒకరిదా, పలువురిదా అని అడగాలి. పలువురిది అంటే ప్రతి విండో గెస్ట్ విండోగా తెరుచుకోవాలి, పాస్‌వర్డు సేవ్ చేయమంటారా అన్న ప్రశ్న రాకూడదు, డౌన్‌లోడ్లు విండోతోపాటే పోవాలి, పని ముగిసిందని చెప్పే పెద్ద బటన్ తెలుగులో ఎప్పుడూ పైన కనిపించాలి. ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. పెద్ద సంస్థల కోసం క్రోమ్‌లో ఉన్న పాలసీల్లో గెస్ట్ విండోను తప్పనిసరి చేసేది ఇప్పటికే ఉంది, గూగుల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లలో సెషన్ ముగియగానే అన్నీ చెరిపేసే పద్ధతీ ఉంది. సంస్థల ఐటీ విభాగాలకు అందుతున్నది వీధి మూలనున్న జిరాక్స్ షాపుకు అందకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు.

అది వచ్చేదాకా సెంటర్ నడిపేవారే కొంత చేయవచ్చు. క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ చివర ఒక ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి గెస్ట్ అని ఇంగ్లిషులో (--guest) చేర్చితే, ఆ ఐకాన్ నొక్కినప్పుడు గెస్ట్ విండో తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో చరిత్ర ఎప్పుడూ గుర్తుపెట్టుకోవద్దనే ఎంపిక ఉంది. ఎడ్జ్‌లో మూసినప్పుడల్లా చెరిపేసే ఎంపిక ఉంది. డౌన్‌లోడ్ ఫోల్డరుకు మాత్రం ఇవేవీ చాలవు. విండోస్‌లోని స్టోరేజ్ సెన్స్ ఆ ఫోల్డరును తనంతట తానే శుభ్రం చేయగలదు, కానీ అందులో అతి తక్కువ గడువు ఒక రోజు. ఆ ఒక్క రోజులోనే కుర్చీలో ఎందరో మారతారు. కాబట్టి ప్రింటు చేతికి ఇచ్చిన వెంటనే, ఆ మనిషి చూస్తుండగానే, ఫైలును ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కాలి. అలా తొలగిస్తే రీసైకిల్ బిన్‌లో కూడా మిగలదు.